చేత్తో నెట్టిన కార్లు, చేత్తో మార్చిన గేర్లు

(స్వర్ణోత్సవ సభ రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, ఏదైనా టెక్నికల్ విషయం మాట్లాడు. కానీ అందరికీ అర్థం కావాలి. అరగంట దాటకూడదు" అన్నారు. మూడు షరతులూ ఒకేసారి నెగ్గడం నా వల్ల అయ్యే పని కాదు. నేను ముప్పై ఏళ్లుగా గేర్‌బాక్సుల పనిలో ఉన్నాను. వాటి గురించి తప్ప ఇంకో మాట రాదని మా ఇంట్లో వాళ్ల ఫిర్యాదు. కాబట్టి అదే మాట్లాడతాను. పాత స్పోర్ట్స్ కార్లు తయారైన ఫ్యాక్టరీలు, ఆ కార్లలో చేత్తో మార్చిన గేర్లు ఇవాళ్టి విషయం.

మన ఊళ్లో స్పోర్ట్స్ కారు ఎవరికుంది, మనకెందుకీ గొడవ అని మీరు అడగొచ్చు. ఎవరికీ లేదు. కానీ దాని దగ్గరి చుట్టం మాత్రం మన బస్టాండు పక్కన టాక్సీ స్టాండులో ఎండకు ఎండుతూ నిలబడి ఉండేది. అంబాసిడర్ సంగతి చెబుతున్నాను. అది ఇంగ్లండు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు. ఆ అచ్చులే కలకత్తా దగ్గర ఉత్తరపారాకు వచ్చాయి. మనం చూసిన అంబాసిడర్లలో చాలాకాలం నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజను 'బి సిరీస్' అనే కుటుంబానికి చెందింది. అదే కుటుంబపు ఇంజనును రెండు కార్బ్యురేటర్లు తగిలించి, 1955లో ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో పెట్టారు. తర్వాత దాన్నే 1798 సీసీకి పెంచి 1962లో ఎంజీబీలో పెట్టారు. అంటే మన ఊరి పెళ్లికొడుకుల్ని, వాళ్ల తోటిపెళ్లికొడుకుల్ని, డిక్కీలో కావిడి బిందెల్ని మోసిన అంబాసిడరూ, అమెరికా సముద్ర తీరాల్లో టాపు లేకుండా తిరిగిన ఎంజీబీ అన్నదమ్ముల బిడ్డలన్నమాట. ఒకడు వ్యవసాయంలో ఉండిపోయాడు, ఇంకొకడు షోకిలా అయ్యాడు.

ఆ అంబాసిడర్‌కు స్టీరింగ్ గేరు ఉండేది. గేరు రాడ్డు కింద కాకుండా స్టీరింగ్ పక్కన ఉండేది. మొదటి గేరు వెయ్యాలంటే బండి పూర్తిగా ఆగాలి. కదులుతుండగా వేస్తే గర్రుమని ఏడ్చేది. ఆ ఏడుపు ఎందుకో ఈ రోజు మీకు చెప్పేసి వెళతాను. మా సైన్సు మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు, తప్పు చెబితే లేచి నిలబెడతారు.

మీలో ఎంతమంది కదిలే బస్సెక్కారు? చేతులెత్తక్కర్లేదు, హెడ్మాస్టరు గారు చూస్తున్నారు. కదిలే బస్సు ఎక్కేవాడు నిలబడి ఉండి రాడ్డు పట్టుకోడు. పట్టుకుంటే భుజం ఊడుతుంది. బస్సు పక్కన నాలుగడుగులు పరిగెత్తి, తన వేగం బస్సు వేగానికి సమానమైందనిపించాక, అప్పుడు పట్టుకుంటాడు. గేరు వెయ్యడం అంటే ఇదే. లోపల ఒక ఇరుసు ఇంజను వేగంతో, ఇంకో ఇరుసు చక్రాల వేగంతో తిరుగుతుంటాయి. ఆ రెంటినీ పళ్లతో కలపాలి. వేగాలు సమానం కాకముందే కలిపితే పళ్లు పళ్లకు కొట్టుకుంటాయి. అదే ఆ ఏడుపు.

పాతకాలపు డ్రైవర్లు ఈ పరుగు తామే పెట్టించేవాళ్లు. క్లచ్ నొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటరు ఒక్కసారి తొక్కి ఇంజను వేగం పెంచి, మళ్లీ క్లచ్ నొక్కి కింది గేరు వేసేవాళ్లు. మన లారీ డ్రైవర్లు దీన్ని డబుల్ క్లచ్ అంటారు. ఘాట్ రోడ్డు దిగే లారీలో పక్క సీట్లో కూర్చున్నవాళ్లకు ఆ చప్పుడు గుర్తుంటుంది. 1928లో అమెరికాలో కాడిలాక్ కారుకు సింక్రోమెష్ అనే ఏర్పాటు వచ్చింది. గేరు పక్కన ఒక కంచు రింగు పెడతారు. పళ్లు కలిసేలోపు ఆ రింగు గేరు తాలూకు శంకువు మీద రాసుకుని, రాపిడితో రెండు వేగాల్నీ ఒకటి చేస్తుంది. బస్సు పక్కన మన బదులు ఆ రింగు పరిగెడుతుందన్నమాట. అంబాసిడర్‌లో పై మూడు గేర్లకే ఈ రింగులుండేవి. మొదటి గేరుకు లేదు. ఎంజీబీకి కూడా 1967 దాకా లేదు. చుట్టరికం అంటే అలా ఉంటుంది.

ఇక ఫ్యాక్టరీ సంగతి. ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం మోరిస్ నడిపిన గ్యారేజీకి సెసిల్ కింబర్ అనే ఆయన మేనేజరు. మామూలు మోరిస్ కార్లకు అందమైన బాడీలు కట్టించి అమ్మడం మొదలుపెట్టాడు. 1929లో ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గర్లోని అబింగ్డన్ అనే చిన్న ఊళ్లో, అంతకుముందు తోళ్ల పరిశ్రమ ఉన్న చోట ఫ్యాక్టరీ పెట్టారు. ఇంకో యాభై ఏళ్లు అక్కడే.

స్పోర్ట్స్ కార్ల ఫ్యాక్టరీ అంటే మనం ఏదేదో ఊహించుకుంటాం. అబింగ్డన్‌లో కదిలే అసెంబ్లీ లైనే లేదు. హెన్రీ ఫోర్డ్ 1913లోనే కదిలే లైను పెట్టాడు. వీళ్లు 1980 దాకా కార్లను ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేత్తో నెట్టుకుంటూ వెళ్లారు. బాడీలు ఒక ఊరి నుంచి, ఇంజన్లు మరో ఊరి నుంచి లారీల్లో వచ్చేవి. వీళ్ల పని కలపడం. అలా నెట్టుకుంటూనే ఐదు లక్షలకు పైగా ఎంజీబీలు తయారుచేశారు. ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లాయి. నెట్టడం అంటే వెనకబాటు అనుకుంటాం గానీ, నా ఉద్దేశంలో దాంట్లో ఒక సౌకర్యం ఉంది. లైను కదిలితే మనిషి దాని వేగానికి పని చెయ్యాలి. నెట్టే చోట పని అయ్యాక కారు కదులుతుంది. పని కాకపోతే పక్కవాడు చూస్తూనే ఉంటాడు.

అయితే ఆ కార్లు గొప్పవని ఎవరైనా అంటే మెకానిక్కులు నవ్వుతారు. ఆయిలు కారేది. తుప్పు పట్టేది. వానొస్తే లైట్లు వెలిగితే వెలిగేవి. ఇవాళ్టి ఒక చిన్న మారుతి అన్ని విధాలా అంతకంటే మంచి కారు. ఆ ఎంజీలను తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లలో సగం మంది వాటిని రోజూ నడిపి ఉండరు. రోజూ నడిపినవాళ్ల కన్నీళ్లు వేరే రకం.

1979 సెప్టెంబరులో అబింగ్డన్ ఫ్యాక్టరీ స్వర్ణోత్సవం జరిగింది. మనలాగే. ఊరంతా పండగ, పాత కార్ల ఊరేగింపు. ఆ సంబరాలు ముగిశాక వచ్చిన సోమవారం, సెప్టెంబరు 10న, ఫ్యాక్టరీ మూసేస్తున్నామని యజమాని సంస్థ బ్రిటిష్ లేలండ్ ప్రకటించింది. పౌండు విలువ పెరిగింది, అమెరికాలో డాలర్లకు అమ్మితే గిట్టుబాటు కావడం లేదు, ఎంజీబీ పాతబడిపోయింది, కొత్త మోడలుకు డబ్బు పెట్టలేదు. లెక్కలన్నీ సరైనవే. అభిమానులు ఊరేగింపులు తీశారు, అర్జీలు పెట్టారు. 1980 అక్టోబరులో ఆఖరి కారు బయటికొచ్చింది. ఇప్పుడు మన హైవేల మీద కనిపించే ఎంజీ కార్లు గుజరాత్‌లోని హలోల్‌లో తయారవుతున్నాయి. పేరు చేతులు మారి మారి చైనా సంస్థకు చేరింది, 2019లో మన దేశానికి వచ్చింది. ఆ ఎనిమిది మూలల గుర్తు తప్ప అబింగ్డన్‌ది అందులో ఏమీ మిగల్లేదు.

మరీ దిగులుగా ఉందని కార్యదర్శి గారి ముఖం చెబుతోంది. బతికి ఉన్న ఫ్యాక్టరీ ఒకటి చెబుతాను.

2011లో పని మీద బర్మింగ్‌హామ్ వెళ్లాను. ఒక రోజు ఖాళీ దొరికింది. నా తోటివాళ్లు లండన్ వెళ్లి రాణిగారి ప్యాలెస్ చూసొచ్చారు. నేను రైలెక్కి మాల్వర్న్ లింక్ అనే చిన్న స్టేషన్లో దిగాను. కొండల కింద ఊరు. అక్కడ పికర్స్‌లీ రోడ్డు మీద మోర్గన్ కార్ల ఫ్యాక్టరీ ఉంది. హెచ్.ఎఫ్.ఎస్. మోర్గన్ అనే ఆయన 1909 ప్రాంతంలో మూడు చక్రాల బండితో మొదలుపెట్టిన సంస్థ. టికెట్టు కొనుక్కుంటే లోపల తిప్పి చూపిస్తారు.

ఎర్ర ఇటుకల షెడ్లు, వరసగా, వాలు నేల మీద. లోపలికెళ్లగానే ఆయిలు వాసన వస్తుందనుకుంటే చెక్కపొట్టు వాసన వచ్చింది. మన వడ్రంగి కొట్టం వాసనే. మోర్గన్ కారుకు చట్రం చెక్కది అని లోకంలో చాలామంది నమ్మకం. అది తప్పు. చట్రం లోహందే. దాని మీద బాడీకి అస్థిపంజరం మాత్రం యాష్ చెక్కతో కడతారు. దాని మీద రేకు తొడుగుతారు. మన బండి చక్రానికి నల్లతుమ్మ ఎలాగో, దెబ్బను ఓర్చుకుని వంగే గుణానికి వాళ్లకు యాష్ అలాగ. వెనక చక్రం మీద వచ్చే వంపు కోసం పల్చటి మూడు పలకలకు జిగురు రాసి, ఒక అచ్చులో పెట్టి, చుట్టూ బిగింపులు బిగించి ఆరబెడుతున్నారు. పక్క గదిలో ఒకతను బానెట్‌ను కారుకు ఆనించి చూస్తున్నాడు. తీసి, ఒక అంచు కాస్త సవరించి, మళ్లీ పెట్టి చూస్తున్నాడు. ఒక కారు బానెట్ ఇంకో కారుకు సరిగ్గా కూర్చోదు. ఇంజనీరుగా నాకిది వినడానికే చెమటలు పట్టే మాట. విడి భాగాలు ఏది ఎక్కడైనా పట్టాలన్నది మేం మొదటి సంవత్సరంలో నేర్చుకున్న పాఠం. అయినా నేను ఆ గదిలో ఇరవై నిమిషాలు నిలబడ్డాను. గైడు ముసలాయన నాకోసం రెండుసార్లు వెనక్కి వచ్చాడు.

ఒక షెడ్డులో పని అయ్యాక కారును బయటికి తోసి, వాలులో కింది షెడ్డుకు చేత్తో నెట్టుకుపోతున్నారు. అది 2011. నా కళ్లతో చూశాను.

ఈ సంస్థ మీద ఒక మంచి కథ ఉంది. 1990లో బీబీసీ టీవీలో సర్ జాన్ హార్వీ జోన్స్ అనే పెద్ద పరిశ్రమాధిపతి కంపెనీలకు తిరిగి సలహాలిచ్చే కార్యక్రమం చేశాడు. మోర్గన్‌కు వచ్చాడు. కారు కోసం జనం ఏళ్ల తరబడి వరసలో ఉన్నారు కదా, ఉత్పత్తి గట్టిగా పెంచండి, ఫ్యాక్టరీని ఆధునికం చెయ్యండి అన్నాడు. తండ్రీకొడుకులు పీటర్ మోర్గన్, చార్లెస్ మోర్గన్ ఒప్పుకోలేదు. కార్యక్రమం చూసినవాళ్లు ఇంకా ఎక్కువ ఆర్డర్లు ఇచ్చారు. ఇందులో గెలిచిందెవరని అడిగితే చెప్పడం కష్టం. తర్వాత్తర్వాత ఆ సలహాల్లో కొన్నింటిని వాళ్లు మెల్లగా తమ పద్ధతిలో అమలు చేశారు. 2019లో కుటుంబం చేతిలోంచి సంస్థ ఒక ఇటలీ పెట్టుబడి సంస్థకు వెళ్లింది. 1936 నాటి స్టీలు చట్రం 2020తో ఆగింది. అదే 2019లో వచ్చిన వాళ్ల పెద్ద కారు ప్లస్ సిక్స్‌కు చేతి గేర్లే లేవు. యాష్ చెక్క ఉంది, ఆటోమేటిక్ గేర్‌బాక్సూ ఉంది.

చేతి గేరును దెబ్బ కొట్టింది ఎవరో చెప్పాలి. ఫెరారీ. మన మధ్య పిల్లలున్నారు, వాళ్లకు ఆ పేరు తెలుసు. 1989లో జాన్ బర్నార్డ్ అనే ఇంజనీరు ఫెరారీ రేసు కారులో గేరు రాడ్డు తీసేసి, స్టీరింగ్ వెనక రెండు మీటలు పెట్టాడు. ఒకటి లాగితే పై గేరు, రెండోది లాగితే కింది గేరు. పని అంతా హైడ్రాలిక్స్, ఎలక్ట్రానిక్స్. ప్రాక్టీసులో అది మాటిమాటికీ పాడయ్యేది. అయినా బ్రెజిల్‌లో మొదటి పోటీలోనే నైజెల్ మాన్సెల్ దాంతో గెలిచాడు. 1997లో అదే ఏర్పాటు రోడ్డు మీద తిరిగే ఫెరారీకి వచ్చింది. అంతకుముందు ఫెరారీ గేరు రాడ్డు కింద మెరిసే లోహపు పలక ఉండేది, అందులో గాళ్లు కోసి ఉండేవి. రాడ్డు ఒక గాడిలోంచి ఇంకో గాడిలోకి టక్కున పడేది. పొద్దున్నే ఆయిలు చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు పడేది కాదు. మొదటి నుంచి నేరుగా మూడోదానికి వెళ్లేవాళ్లు. కోట్ల రూపాయల కారు, రెండో గేరు పడదు! అయినా దానికీ అభిమానులున్నారు.

పోర్షె సంగతి ఇంకా విచిత్రం. 2013లో వాళ్ల 911 జీటీ3 కారు చేతి గేరు లేకుండా, రెండు క్లచ్చుల ఆటోమేటిక్‌తో మాత్రమే వచ్చింది. అది నిజంగా వేగవంతమైనది. మంచి డ్రైవరు గేరు మార్చడానికి అర సెకను లోపు పడితే, అది అందులో చిన్న ముక్కలో మార్చేస్తుంది. కొనేవాళ్లు మాత్రం గోల పెట్టారు. 2016లో చేతి గేరుతో 911 ఆర్ అని సరిగ్గా 991 కార్లు చేస్తే, కొన్న ధర కంటే చాలా ఎక్కువకు చేతులు మారాయి. 2017లో జీటీ3కి మళ్లీ చేతి గేరు ఇచ్చారు. డబ్బిచ్చి మరీ నెమ్మదైన బండి కొనుక్కున్నారన్నమాట. ఇప్పుడు కరెంటు కార్లలో గేర్లే అక్కర్లేదు. 2023లో హ్యుందాయ్ వాళ్లు ఒక కరెంటు కారులో గేర్లు మారినట్టు కుదుపు, చప్పుడు కల్పించే ఏర్పాటు పెట్టారు. ఇంజనీరింగ్‌గా భలే పని. నాకు మాత్రం పెళ్లిభోజనాల్లో వేసే కాగితపు అరిటాకు గుర్తొచ్చింది.

ఇంతసేపూ పరాయి దేశాల కథలు చెప్పాను. మా సంగతి ఒకటి చెప్పాలి.

నేను పనిచేసే చోట, హోసూరు దగ్గర, ఒక మాన్యువల్ గేర్‌బాక్సు లైను వచ్చే మార్చితో ఆగిపోతోంది. ఆ స్థలంలో కరెంటు బండ్లకు పనికొచ్చే ఒకే గేరు డబ్బాల లైను వస్తుంది. ఆ నిర్ణయం కాగితం మీద సంతకాలు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆర్డర్లు తగ్గాయి, లెక్కలు సరైనవే. మళ్లీ అడిగినా మళ్లీ పెడతాను. అబింగ్డన్ లెక్కలు సరైనవే అని ఇందాక అన్నప్పుడు నా గొంతు కొంచెం మారిందేమో, అందుకు కారణం ఇదే.

ఆ లైనులో ఒక పెద్దాయన ఉన్నారు. ముప్పై రెండేళ్లుగా గేర్‌బాక్సులు బిగిస్తున్నారు. మన తెలుగువారే, హోసూరులో మూడు తరాలుగా ఉన్న కుటుంబం. బేరింగు పక్కన షిమ్ అని పల్చటి లోహపు బిళ్ల వేస్తాం. మందం ఎక్కువైతే బేరింగు బిగుసుకుంటుంది, తక్కువైతే గేరు ఊగుతుంది, చప్పుడు చేస్తుంది. ఎంత మందం వెయ్యాలో చెప్పడానికి కొలిచే యంత్రం ఉంది. ఈయన ఇరుసును చేత్తో ఒక చుట్టు తిప్పి "ఒక సైజు తగ్గించండి సార్" అంటారు. నేను కుర్రతనంలో ఆయన మాట యంత్రంతో సరిచూసేవాణ్ణి. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఆయన మాట నెగ్గింది. మిగతా రెండుసార్లు యంత్రం నెగ్గింది. ఆ రెండుసార్ల కోసమే మేం యంత్రం పెట్టాం, అది సబబే. పదికి పది కావాలి కదా కొనేవాడికి.

లైను సంగతి చెప్పడానికి నేనే వెళ్లాను. కొత్త డబ్బా బొమ్మ చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో గేరు మార్చేదెక్కడ సార్?" అన్నారు. మార్చక్కర్లేదు, ఒకటే గేరు అన్నాను. కాసేపు ఊరుకుని, "పాపం, డ్రైవరుకు తోచదే" అన్నారు. తన గురించి ఏమీ అడగలేదు. కుర్రవాళ్లలో చాలామందికి కొత్త లైనులో పని దొరికింది. ఈయనకు పదవీ విరమణకు ఏడాది ఉంది. ఆ ఏడాది ఆయన్ను ఏం చెయ్యమనాలో మా పర్సనల్ డిపార్టుమెంటుకు తోచలేదు. స్టోర్సులో కూర్చోబెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు. ట్రైనింగ్ సెంటరుకు అడిగాను. ఆ సంతకం పెట్టించడానికి, లైను మూసే సంతకాలకంటే ఎక్కువ రోజులు పట్టింది.

అక్కడి కొత్త పిల్లలకు ఆయన నేర్పేది గేర్‌బాక్సు బిగించడం కాదు, అది రేపు వాళ్లకు అవసరం లేదు. చేత్తో తిప్పి వినడం నేర్పుతున్నారు. ఒకే గేరు డబ్బాకైనా బేరింగు ఉంటుంది, షిమ్ ఉంటుంది. పైగా కరెంటు బండికి ఇంజను చప్పుడు ఉండదు కాబట్టి గేరు పళ్ల సన్న కూత మొత్తం లోపలికి వినిపిస్తుంది. ముందెప్పటికంటే ఇప్పుడు చెవి అవసరం ఎక్కువ. ఇది సెంటిమెంటు కాదు, మా డిజైను సమస్యల్లో మొదటిది.

ఇప్పుడు అసలు పని. మన బడిలో మా రోజుల్లో క్రాఫ్టు పీరియడు ఉండేది. ఆ గదిలో ఒక బల్ల, బల్లకు బిగించిన ఇనప పట్టకారు, నాలుగు ఆకురాళ్లు ఉండేవి. ఇప్పుడా గదిలో విరిగిన బెంచీలు ఉన్నాయి. నిన్న సాయంత్రం తాళం తీయించి చూశాను. పట్టకారు ఇంకా ఉంది, తుప్పు పట్టి బిగుసుకుపోయింది. సంఘం సొమ్ముతో ఆ గదిని కంప్యూటర్ గది చెయ్యాలని ఒక తీర్మానం వచ్చిందని విన్నాను. కంప్యూటర్లకు నేను వ్యతిరేకిని కాను, నా కూడు వాటి మీదే. కానీ పక్కన సైన్సు ల్యాబులో సగం ఖాళీగా ఉంది, కంప్యూటర్లు అక్కడ పడతాయి. క్రాఫ్టు గది అలాగే ఉంచమని నా మనవి. హెడ్మాస్టరు గారితో మాట్లాడాను, సంఘం ఒప్పుకుంటే ఆయనకు అభ్యంతరం లేదన్నారు.

మా పెద్దాయన వేసవి సెలవులకు ముందు పది రోజులు ఇక్కడికి రావడానికి ఒప్పుకున్నారు. దారి ఖర్చులు నావి, భోజనం మా అమ్మగారిది. ఆయనతో పాటు లోపలంతా కనిపించేలా పక్కకు కోసిన ఒక గేర్‌బాక్సు, విప్పి బిగించుకోవడానికి ఇంకో రెండు వస్తాయి. తొమ్మిదో తరగతి పిల్లలు వాటిని విప్పుతారు, చేత్తో తిప్పి చూస్తారు, మళ్లీ బిగిస్తారు. చివర్లో ఒకటో రెండో బోల్టులు మిగిలిపోతాయి, అది మామూలే.

ఒక్కొక్క డబ్బా ముప్పై కిలోల పైనే ఉంటుంది. లారీలోంచి దించడానికి నలుగురు కావాలి. మా బ్యాచ్‌లో ముగ్గురు పేర్లిచ్చారు, అందులో ఇద్దరికి నడుం నొప్పి. భోజనాల దగ్గర కార్యదర్శి గారి దగ్గర కాగితం ఉంటుంది, కాస్త బలమున్న తర్వాతి బ్యాచ్‌ల వాళ్లు పేర్లు రాయండి.